57 పురుగుమందుల్ని నిషేధించి, రైతుల్ని బడిలో కూర్చోబెట్టిన దేశం

ఊళ్లో ఉండేవాళ్లకి, లేదా ఊరికి అప్పుడప్పుడూ వెళ్లేవాళ్లకి 'పొలంబడి' అన్న మాట తెలిసే ఉంటుంది. పంచాయతీ దగ్గర ఫ్లెక్సీ మీద కనిపిస్తుంది, పేపర్లో జిల్లా పేజీలో కనిపిస్తుంది. ఓ ఇరవై ముప్పై మంది రైతులు మడి గట్టు మీద నిలబడి ఉంటారు, పక్కన వ్యవసాయాధికారి ఉంటారు, ఒక ఫొటో. చూసి పక్కకి జరిపేస్తాం. ఈ మాట మన దగ్గర పుట్టింది కాదు. ఇండోనేషియాలో, జావా దీవిలో పుట్టింది. అక్కడ దీన్ని 'సెకోలా లపాంగ్' అంటారు. సెకోలా అంటే బడి, లపాంగ్ అంటే పొలం, మైదానం. అది పుట్టడం వెనక ఒక పురుగు ఉంది, ఒక నియంత ఉన్నాడు, పెట్రోలు ధర కూడా ఉంది. ఈ ఎపిసోడ్‌లో ఆ కథ చెప్పుకుందాం.

ముందు జావా రైతు ఎవరో చూడాలి. మనకి ఐదెకరాల రైతు అంటే చిన్న రైతు. జావాలో ఎక్కువమందికి ఎకరం, ఎకరంన్నర. చాలామందికి అదీ లేదు. భూమి మాత్రం మంచిది, అగ్నిపర్వతాల మట్టి, కాలువ నీళ్లు, ఏడాదికి రెండు పంటలు వరి. అయినా జనాభా ఎక్కువ కాబట్టి దేశానికి బియ్యం చాలేవి కావు. 1970ల చివరికి వచ్చేసరికి ప్రపంచంలో బియ్యం అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం ఇండోనేషియానే. అక్కడి పాలకులకి బియ్యం ధర పెరిగిందంటే నిద్ర పట్టేది కాదు.

నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క 1963లో ఉంది. బోగోర్ వ్యవసాయ కళాశాల వాళ్లు కొద్దిమంది విద్యార్థుల్ని కరవాంగ్ జిల్లా ఊళ్లకి పంపారు. ఏదో ఒక రోజు వెళ్లి ఉపన్యాసం ఇచ్చి రావడం కాదు, ఒక సీజనంతా ఆ ఊళ్లోనే ఉండటం. రైతు ఇంట్లో తినడం, రైతుతో మడిలో దిగడం, మంచి విత్తనం ఎలా ఎంచుకోవాలి, ఎరువు ఎప్పుడు వెయ్యాలి అని పక్కనే ఉండి చెప్పడం. దిగుబడి బాగా పెరిగింది. పెరిగితే ప్రభుత్వం ఏం చేస్తుంది? దేశమంతా పెట్టేద్దాం అంటుంది. అలా వచ్చింది 'బిమాస్' అనే పథకం. ఆ పేరుకి అర్థం సామూహిక మార్గదర్శనం. మార్గదర్శనం అన్న ముక్క కాగితం మీద మిగిలిపోయి, సామూహికం అన్న ముక్క ఒక్కటే పనిచేసింది.

సుహార్తో అధికారంలోకి వచ్చాక 1968లో బిమాస్‌లో కొంత భాగాన్ని ఏకంగా విదేశీ కంపెనీలకి అప్పగించారు. స్విట్జర్లాండ్ కంపెనీ సీబా అందులో ఒకటి. హెక్టారుకి ఇంత అని ప్రభుత్వం డబ్బులిస్తుంది, కంపెనీ విత్తనం, ఎరువు, పురుగుమందు ఇస్తుంది. మందు ఎలా కొట్టేవాళ్లో తెలుసా? విమానాలతో. కింద మడి ఎవరిది, ఆ మడిలో పురుగు ఉందా లేదా, పక్కన చేపల చెరువు ఉందా, ఇవేవీ అడిగే పని లేదు. రెండేళ్లకే, 1970లో, ఆ పద్ధతి ఆపేయాల్సి వచ్చింది. పోయింది విమానం ఒక్కటే. 'పైవాళ్లు చెప్తారు, రైతు చేస్తాడు' అన్న ఆలోచన అలాగే ఉండిపోయింది.

మనం ఏదో వేరే లోకంలో ఉన్నామని అనుకోకండి. మన దేశంలో 1960లో 'ప్యాకేజీ ప్రోగ్రాం' అని మొదలైంది, మొదటి విడతలో తీసుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, మందు, అప్పు, సలహా అన్నీ ఒకే మూటలో కట్టి ఇవ్వడం. ఆకలి నిజంగా ఉన్న రోజులవి. దిగుబడి పెంచాలన్న తొందర కూడా నిజమే, దాన్ని నేను తప్పుపట్టను. మూటలో ఏముందో విప్పి చూసుకునే హక్కు రైతుకి ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. జావాలో లేదు. ప్రభుత్వం చెప్పిన రకమే నాటాలి. వేరే రకం వేస్తే గ్రామాధికారులు, కొన్నిచోట్ల సైనికులు కూడా వచ్చి ఒత్తిడి చేసేవాళ్లు.

ఇప్పుడు పురుగు దగ్గరికి వద్దాం. మన దగ్గర దాన్ని సుడిదోమ అంటారు. వరి దుబ్బు మొదట్లో, నీళ్లకి కాస్త పైన, గోధుమ రంగులో గుంపులుగా ఉండి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. ఓ రోజు చేను మధ్యలో గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోయి కనిపిస్తుంది. ఆ సుడి రోజురోజుకీ పెరుగుతుంది. అందుకే ఆ పేరు. గోదావరి, కృష్ణా డెల్టా రైతులకి దీని గురించి నేను చెప్పక్కర్లేదు. మార్టేరు పరిశోధన స్థానం దీన్ని తట్టుకునే రకాల కోసం ఏళ్ల తరబడి పనిచేసింది.

జావాలో సుడిదోమ పాత పురుగే, కానీ పెద్ద శత్రువు కాదు. 1970ల మధ్యలో ఒక్కసారిగా విరుచుకుపడింది. 1976-77లో నాలుగు లక్షల హెక్టార్లకి పైగా చేలు దాని బారిన పడ్డాయి. ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి దోమని తట్టుకునే ఐఆర్ 36 లాంటి రకాలు తెచ్చింది. అవి నిజంగానే ఆదుకున్నాయి. రెండోది, పురుగుమందుల మీద సబ్సిడీ. ఎంత సబ్సిడీ అంటే, ధరలో 80 శాతానికి పైగా ప్రభుత్వమే భరించేది. ఖజానాకి ఏడాదికి పది కోట్ల డాలర్లు దాటిన ఖర్చు. వంద రూపాయల మందు ఇరవైకే వస్తుంటే ఎవరు మాత్రం కొట్టకుండా ఉంటారు? పైగా పురుగుని చూసి కాదు, తేదీని చూసి కొట్టమని చెప్పేవాళ్లు. నాటిన ఇన్ని రోజులకి ఒకసారి, మళ్లీ ఇన్ని రోజులకి ఒకసారి.

1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. ఇది చిన్న విజయం కాదు. 1985లో సుహార్తో రోమ్ వెళ్లి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభలో గర్వంగా మాట్లాడి వచ్చాడు. సరిగ్గా ఆ సమయానికే మధ్య జావాలో చేలు మళ్లీ సుడులు తిరగడం మొదలైంది. ఈసారి తట్టుకుంటాయనుకున్న రకాలు కూడా పడిపోతున్నాయి. అధికారులు ఇంకా మందు కొట్టమన్నారు. కొట్టినకొద్దీ దోమ పెరిగింది.

ఇక్కడ ఓ నిమిషం ఆగి అసలు ఎందుకు పెరిగిందో అర్థం చేసుకుందాం, ఎందుకంటే తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది. సుడిదోమ గుడ్లు బయట పెట్టదు, వరి ఆకుతొడిమ లోపల, కణజాలంలో దాచి పెడుతుంది. మందు కొడితే పైన ఉన్న దోమలు చస్తాయి, లోపల గుడ్లు క్షేమంగా ఉంటాయి. అదే మందుకి చేలో తిరిగే సాలీళ్లు చస్తాయి. దోమ గుడ్లని పీల్చి తినే మిరిడ్ నల్లులు చస్తాయి. నీళ్ల మీద పరుగులు తీస్తూ, కింద పడిన దోమ పిల్లల్ని పట్టుకునే చిన్న పురుగులు చస్తాయి. వారం తిరిగేసరికి గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. తినేవాళ్లు ఎవరూ లేరు! ఇంకేముంది, పండగే. పోలీసుల్ని చంపేసి దొంగల గుడ్లని వదిలేసినట్టు.

ఈ సంగతిని లెక్కలతో చూపించినవాళ్లలో ముఖ్యుడు పీటర్ కెన్‌మోర్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్ వరి చేలల్లో తిరిగి, మందు కొట్టిన మడినీ కొట్టని మడినీ పక్కపక్కన పెట్టి పురుగుల్ని లెక్కపెట్టాడు. కొట్టిన మడిలోనే దోమ ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. ఇండోనేషియాలో ఇదా న్యోమన్ ఓకా లాంటి శాస్త్రవేత్తలు కూడా ఇదే చెప్తూ వచ్చారు. ఈ కెన్‌మోర్ తర్వాతి కాలంలో ఆహార వ్యవసాయ సంస్థ ప్రతినిధిగా మన దేశంలోనూ పనిచేశాడు.

శాస్త్రం చెప్పింది కాబట్టి ప్రభుత్వం విన్నది అని చెప్తే కథ అందంగా ఉంటుంది. కానీ నేను నమ్మను. 1986లో ప్రపంచ మార్కెట్‌లో చమురు ధర కుప్పకూలింది. ఇండోనేషియా ఖజానా నడిచేది చమురు డబ్బుతో. ఆర్థిక శాఖ, ప్రణాళికా సంస్థ వాళ్లు ఎక్కడ కోత పెట్టాలా అని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు శాస్త్రవేత్తలు వచ్చి, మీరు పది కోట్ల డాలర్లు పోసి కొంటున్న మందే మీ చేలని తినేస్తోంది అన్నారు. ఇంతకంటే మంచి సమయం ఉంటుందా? 1986 నవంబర్‌లో సుహార్తో అధ్యక్ష ఉత్తర్వు ఇచ్చాడు. వరి మీద 57 రకాల పురుగుమందులు నిషేధం. సబ్సిడీని కూడా మెల్లమెల్లగా తగ్గించుకుంటూ 1989 మొదటికల్లా పూర్తిగా ఎత్తేశారు.

పురుగుమందుల వాడకం కొద్ది ఏళ్లలోనే సగానికి పైగా పడిపోయింది. వరి ఉత్పత్తి పడిపోలేదు సరికదా, పెరిగింది.

అయితే నిషేధం కూడా పైనుంచి వచ్చిన ఆర్డరే కదా! నిన్నటిదాకా కొట్టమన్నారు, ఇవాళ కొట్టొద్దంటున్నారు. రైతుకి ఎందుకో తెలీదు. రేపు ఇంకో కొత్త మందు వస్తే మళ్లీ కొడతాడు. అప్పట్లో ఇండోనేషియాలో, మన దేశంలో, ఇంకా చాలా దేశాల్లో రైతులకి సలహాలిచ్చే పద్ధతికి 'టీ అండ్ వీ' అని పేరు. డేనియల్ బెనోర్ అనే ఇజ్రాయెల్ నిపుణుడు రూపొందించాడు, ప్రపంచ బ్యాంకు డబ్బులిచ్చి వ్యాప్తి చేసింది. మన దేశంలో 1970ల మధ్యలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని చంబల్ ప్రాంతంలో మొదలైంది. శాస్త్రవేత్త అధికారికి చెప్తాడు, అధికారి పదిహేను రోజులకోసారి గ్రామసేవకుడికి శిక్షణ ఇస్తాడు, ఆయన ఊళ్లో ఎంచుకున్న కొందరు రైతులకి చెప్తాడు, వాళ్లు మిగతావాళ్లకి చెప్పాలి. చిన్నప్పుడు చెవిలో మాట చెప్పుకునే ఆట ఆడి ఉంటారుగా, చివరివాడి దగ్గరికి వచ్చేసరికి ఏం మిగులుతుందో మీకే తెలుసు. ఎరువు ఎంత వెయ్యాలి లాంటి ఒక్క ముక్క సమాచారానికి అది కొంతవరకు పనికొచ్చింది. కానీ పక్క మడిలో సాలీళ్లు ఎక్కువ ఉండి, మీ మడిలో దోమలు ఎక్కువ ఉంటే ఏం చెయ్యాలో జకార్తా నుంచి ఎవరు చెప్తారు?

అందుకని 1989లో మొదలైన జాతీయ కార్యక్రమాన్ని వ్యవసాయ శాఖకి కాకుండా ప్రణాళికా సంస్థ కింద పెట్టారు. అమెరికా సహాయ సంస్థ డబ్బు, ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం. యోగ్యకర్త ప్రాంతంలో మొదలుపెట్టి మిగతా చోట్లకి తీసుకెళ్లారు. బడి ఎలా నడిచేదంటే, ఊళ్లో పాతికమంది రైతులు. వారానికి ఒక్క పూట, నాటు దగ్గర్నుంచి కోత దాకా సీజనంతా. గోడలు లేవు, బల్లలు లేవు, బడికి ఒక మడి ఉంటుంది. ఐదుగురు చొప్పున జట్లు కడతారు. తెల్లారి మంచు ఆరకముందే మడిలోకి దిగి కొన్ని దుబ్బులు ఎంచుకుని పిలకలు లెక్కపెట్టడం, ఆకు రంగు చూడటం, ప్రతి పురుగునీ లెక్కపెట్టడం. తర్వాత చెట్టు నీడలో కూర్చుని పెద్ద కాగితం మీద క్రేయాన్లతో బొమ్మ గీయాలి. మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క శత్రువులు, ఇంకో పక్క మిత్రులు, పైన ఎండ వాన, కింద నీళ్లు. ఆ బొమ్మ చూపించి, ఈ వారం మా నిర్ణయం ఇది అని జట్టు నిలబడి చెప్పాలి. మిగతావాళ్లు ప్రశ్నలేస్తారు. యాభై ఏళ్ల రైతు, ఎప్పుడూ నలుగురిలో మాట్లాడనివాడు, క్రేయాన్ పట్టుకుని సాలీడు కాళ్లు గీస్తున్నాడంటే ఊహించుకోండి.

శిక్షకుడికి ఒక కఠినమైన నియమం ఉండేది. రైతు ఒక పురుగు తెచ్చి 'ఇదేంటి?' అంటే పేరు చెప్పకూడదు. 'ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తోంది? ఇంకా ఎన్ని ఉన్నాయి?' అని తిరిగి అడగాలి. తేల్చుకోలేకపోతే 'పురుగుల జూ' పెట్టేవాళ్లు. ఒక వరి దుబ్బు మీద దోమతెర గుడ్డ కప్పి, లోపల పది దోమలు, ఒక సాలీడు వదిలి, రోజూ లెక్కపెట్టడం. సాలీడు రోజుకి ఎన్ని దోమల్ని తింటుందో రైతు తన కళ్లతో తను చూస్తాడు. చూశాక దాన్ని చంపే మందు కొనాలంటే చెయ్యి ఆగుతుంది.

ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. ఆకుముడత పురుగు పైరు తొలిదశలో ఆకుల్ని పాడుచేస్తే రైతు కంగారుపడి మందు కొడతాడు, ఎక్కడైనా అంతే. బడిలో ఏం చేసేవాళ్లంటే, కొన్ని దుబ్బుల ఆకుల్ని కత్తెరతో కావాలనే కత్తిరించేవాళ్లు. కొన్నింటికి పావు వంతు, కొన్నింటికి సగం. కోతప్పుడు గింజలు తూచి చూసేవాళ్లు. లేత పైరుకి తొలిదశలో పోయిన ఆకుని మళ్లీ తెచ్చుకునే శక్తి ఉంది, దిగుబడిలో తేడా పెద్దగా కనిపించదు. ఈ మాట పుస్తకంలో చదివితే నమ్మకం కుదరదు. సొంత కత్తెరతో కోసి, సొంత తక్కెడలో తూస్తే కుదురుతుంది. పరీక్ష కూడా పొలంలోనే, కర్రకి ప్రశ్న కట్టి, దారంతో నిజమైన పురుగుని చూపించి, జవాబుల డబ్బాలో చీటీ వెయ్యమనేవాళ్లు. చదువు తక్కువైనవాళ్లు కూడా రాసేయొచ్చు.

ఈ క్రమంలో శాస్త్రవేత్తలకి కూడా కొత్త సంగతులు తెలిశాయి. విలియం సెటిల్, ఇంకా ఇండోనేషియా సహచరులు జావా చేలని గమనించి ఒక ప్రశ్నకి జవాబు పట్టుకున్నారు. నాటిన కొత్తలో దోమలు ఉండవు, మరి సాలీళ్లు ఏం తిని బతుకుతాయి? మడి నీళ్లలో కుళ్లిన గడ్డి, ఆకుల మీద బతికే సన్నటి ఈగలు, పురుగులు వేలకొద్దీ పుడతాయి. పంటకి మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. అవే సాలీళ్లకి తొలి భోజనం. అందుకే నాటిన మొదటి నెలలో 'ఎందుకైనా మంచిది' అని కొట్టే మందు అన్నిటికంటే ప్రమాదం. దోమ రాకముందే దాని శత్రువు వంటింటిని తగలబెట్టినట్టవుతుంది.

1993 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో బళ్లు ఇంకా పెరిగాయి. 1999కి ఇండోనేషియాలో పది లక్షలమందికి పైగా రైతులు ఈ బడిలో చదివారు. వియత్నాం, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, శ్రీలంక, తర్వాత ఆఫ్రికా దేశాలు. మన దగ్గరికి వరి కంటే గట్టిగా పత్తితో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన దశాబ్దం అది. పచ్చపురుగు మీద మందు మీద మందు కొట్టి, మందుల అప్పు తీరక పోయిన ప్రాణాలు. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచిన ఆసియా పత్తి కార్యక్రమంలో మన రాష్ట్రం కూడా ఉంది. తర్వాత వ్యవసాయ శాఖ పొలంబడి అని పేరు పెట్టి నడిపింది. అదే కాలంలో ఖమ్మం జిల్లా పునుకుల ఊరివాళ్లు పురుగుమందులు మానేసి పత్తి పండించారు. అక్కడ పట్టుబట్టినవాళ్లలో మహిళా సంఘాల ఆడవాళ్లు ముందున్నారు. జావా బళ్లలో మాత్రం నాట్లు, కోతలు ఎక్కువగా ఆడవాళ్లే చేసినా బడిలో కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లే. అది పెద్ద లోటు అనే నా అభిప్రాయం.

ఇంతవరకు విని అబ్బ బాగుంది అనుకుంటారేమో. 2004లో ఫెడర్, ముర్గాయ్, క్విజాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రపంచ బ్యాంకు తరఫున లెక్కలు తీసి చన్నీళ్లు చల్లారు. బడిలో చదివిన ఇండోనేషియా రైతుల దిగుబడిలో గానీ మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు. చదివినవాళ్ల నుంచి పక్క రైతుకి ఈ విద్య పాకలేదన్నారు. పాతికమందికి ఒక సీజనంతా ఒక శిక్షకుడు అంటే ఖర్చు తక్కువేమీ కాదు, పక్కవాళ్లకి పాకకపోతే దేశమంతా ఎలా నేర్పుతారు? ఇది న్యాయమైన ప్రశ్న. వేరే పరిశోధకులు వేరే దేశాల నుంచి, పత్తి చేల నుంచి మందుల వాడకం బాగా తగ్గిన ఉదాహరణలు చూపించి జవాబిచ్చారు. ఆ వాదన పూర్తిగా తేలలేదు. నాకేమనిపిస్తుందంటే, పక్కవాడికి పాకలేదన్న మాట నిజమే అయి ఉంటుంది. ఎరువు మోతాదు గట్టు మీద నిలబడి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చేను చూసే చూపుని అలా చెప్పలేం. సైకిల్ తొక్కడం వింటే వస్తుందా? కానీ ఆ ముగ్గురి లెక్కలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1986 నిషేధం వల్ల మందుల వాడకం అందరికీ ఒకేసారి తగ్గిపోయింది. బడికి వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ మధ్య తేడా వెతకడం కష్టమే అవుతుంది.

1998లో సుహార్తో దిగిపోయాడు, 1999లో ప్రాజెక్టు డబ్బు ఆగింది. సలహాలిచ్చే శాఖ జిల్లాల చేతికి వెళ్లి చాలాచోట్ల నీరసించింది. పురుగుమందుల మార్కెట్ మళ్లీ తెరుచుకుంది, కొత్త పేర్లతో కొత్త డబ్బాలు ఊరి దుకాణాల్లోకి వచ్చాయి. బడికి వెళ్లిన తరం వయసు మీదపడింది. 2010, 2011లో జావాలో సుడిదోమ మళ్లీ పెద్ద ఎత్తున విరుచుకుపడింది. పాతికేళ్ల కిందటి పాఠమే, అవే మందు కొట్టిన చేలు.

ఇవాళ మన దగ్గర రైతు సలహా ఎవర్ని అడుగుతున్నాడు? చాలా ఊళ్లలో మొదటి జవాబు మందుల షాపు. ఆకు తెంపుకుని వెళ్తే కౌంటర్ వెనక ఉన్నాయన చూసి రెండు డబ్బాలిస్తాడు, అప్పు కూడా ఇస్తాడు. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి, 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మీ నాన్నగారికో మామయ్యకో ఆ నంబర్ తెలియకపోతే ఫోన్లో సేవ్ చేసి ఇవ్వండి, పనికొస్తుంది. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు కూడా ఉన్నాయి. అవి జావా శిక్షకుడు చెప్పకూడదన్న పేరునే ముందు చెప్తాయి. పేరు తెలియడం మంచిదే. కానీ దుబ్బు మొదట్లో దోమలు ఎన్ని, సాలీళ్లు ఎన్ని అన్నది ఫొటోలో రాదు. ఈసారి ఊరెళ్లినప్పుడు, పొద్దున్నే మంచు ఆరకముందు చేలోకి దిగి, ఓ పది దుబ్బులు మెల్లగా పక్కకి వంచి మొదట్లో చూడండి. ముందు కనిపించేది దోమా, సాలీడా అన్నది ఆ చేనుకి గత నెలలో ఎన్నిసార్లు మందు పడిందో చెప్పేస్తుంది.